మన వైపు దుమ్ము

మా అన్నయ్య నన్ను 'డిటెక్టివ్' అంటాడు. పాలు విరిగితే పాలవాణ్ణి, గడియారం ఆగితే బ్యాటరీ అమ్మినవాణ్ణి, ఎవరైనా ఊరికే నవ్వి పలకరిస్తే ఆ నవ్వునీ అనుమానించడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ ఎండాకాలం మాత్రం నా అనుమానం పాలవాడి దగ్గర ఆగలేదు. తిన్నగా వెళ్ళి మా వదిన మీద వాలింది.

అప్పట్లో ముగ్గురం ఇన్‌స్టిట్యూట్ క్వార్టర్స్‌లో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. ఆ ఇల్లు వదిన ఉద్యోగానికి ఇచ్చినది. దూరపు గెలాక్సీల నుంచి వచ్చే అతినీలలోహిత కాంతిని చదవడం వదిన పని. అన్నయ్యకి ఇన్‌స్టిట్యూట్ గేటు ఎదురుగా కళ్ళజోళ్ళ దుకాణం. నేను వదిన గ్రూపులోనే డేటా చూసేదాన్ని. అంతరిక్షంలో టెలిస్కోపు పట్టిన వెలుగు ఆర్కైవ్ అనే భాండాగారంలో చేరి, అక్కణ్ణుంచి మా దగ్గరికి అంకెల ఫైళ్ళుగా వస్తుంది. అందులో యంత్రం తెచ్చిపెట్టిన మచ్చలూ గీతలూ తీసేసి వదిన చేతికి అందించాలి. కూరగాయలు కడిగి తరిగిచ్చే పని లాంటిది. వండి పేరు తెచ్చుకునేవాళ్ళు వేరే ఉంటారు.

వదినది అయిదేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగం. ఆ ఎండాకాలం చివర కమిటీ కూర్చుని తేలుస్తుంది. ఖాయం చేస్తే సరే, లేదంటే నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేయాలి. అన్నయ్య దుకాణానికి వచ్చేవాళ్ళంతా గేటు లోపలి వాళ్ళే, మేం ఊరు మారితే దానికీ తాళం పడుతుంది. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు. ముగ్గురం దాని గురించి తప్ప మిగతా అన్నిటి గురించీ మాట్లాడుకునేవాళ్ళం.

వదిన జ్వరం నుంచి లేచి ఆఫీసుకి వచ్చిన రెండో వారం అనుకుంటాను. పన్నెండు రోజులు మంచం మీద ఉన్న మనిషి, బట్టలు వదులైపోయి, మెడ ఎముకలు తేలి, అయినా కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. నా టేబుల్ దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

"చూడు, చూడు. కూర్చోకు, నిలబడే చూడు" అంది.

తెర మీద నలభై రెండు చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో గెలాక్సీ. అన్నీ కొత్త నక్షత్రాలు పుట్టుకొస్తున్నవే. అప్పుడే పుట్టిన పెద్ద నక్షత్రాలు మహా వేడివి, వాటి వెలుగులో ఎక్కువ భాగం అతినీలలోహితం. ఆ వెలుగు బయటపడాలంటే చుట్టూ ఉన్న గ్యాస్‌నీ దుమ్మునీ దాటాలి. గ్యాస్‌లోని హైడ్రోజన్ ఒకే ఒక్క రంగుని పట్టుకుంటుంది. పట్టుకుని మింగదు, ఇంకోవైపు విసిరేస్తుంది. అక్కడ ఇంకో పరమాణువు పట్టుకుని మరోవైపు విసురుతుంది. గవర్నమెంటు ఆఫీసులో అర్జీ టేబుల్ టేబుల్‌కీ తిరిగినట్టు ఆ వెలుగు లోపలే తిరిగి తిరిగి, ఎప్పటికో అంచుకి చేరుతుంది. చేరేసరికి దాని ఆకారం మారిపోయి ఉంటుంది. ఆ మారిన ఆకారాన్ని బట్టి లోపల గ్యాస్ ఎంతుందో వదిన చెప్పగలదు. దుమ్ము సంగతి వేరు. అది మింగేస్తుంది. అందులోనూ నీలం వైపు వెలుగుని ఎక్కువగా, ఎరుపు వైపు తక్కువగా. అందుకే దుమ్మున్న గెలాక్సీ మనకి ఎర్రబడి కనిపిస్తుంది.

"మామూలుగా గ్యాస్ ఎక్కువున్నచోట దుమ్మూ ఎక్కువే ఉంటుంది, అవునా? ముప్పై అయిదు గెలాక్సీలు బుద్ధిగా అలాగే ఉన్నాయి. ఈ ఏడూ చూడు. గ్యాస్ నిండా ఉంది. దుమ్ము లేదు!"

"అస్సలు లేదా?"

"లేకపోవడమేంటి, సున్నా కంటే తక్కువ వస్తోంది. ఇంత నీలంగా నక్షత్రాలే ఉండవు."

"మరి?"

"అదే కదా! మనకి తెలియని నక్షత్రాలైనా ఉండాలి, మనకి తెలియని దుమ్మైనా ఉండాలి." వదిన చిన్నపిల్లలా రెండు చేతులూ రుద్దుకుంది. "పెద్దసారుకి చెప్పాను. కమిటీ ముందు ఇదే పెట్టమన్నారు."

పెద్దసారు అంటే మా డిపార్ట్‌మెంట్ హెడ్. కమిటీకి కూడా ఆయనే అధ్యక్షుడు.

నేను "చాలా బాగుంది వదినా" అన్నాను. పైకి నవ్వాను కూడా. కానీ నా టేబుల్‌కి తిరిగొచ్చాక ఆ ఏడు చుక్కలు కళ్ళ ముందు నుంచి కదల్లేదు. అయిదేళ్ళుగా చిన్న చిన్న ఫలితాలతో నెట్టుకొస్తున్న మనిషికి, కమిటీకి సరిగ్గా ఏడు వారాల ముందు, ఇంత పెద్ద ఫలితం తన కాళ్ళతో తాను నడిచొచ్చిందా? అని నా లోపలి డిటెక్టివ్ అడిగింది. దానికి ఒకసారి నోరు తెరవడం వస్తే మూయడం రాదు.

ఇక అక్కణ్ణుంచి కళ్ళల్లో ఒత్తులు వేసుకుని వదినని కనిపెట్టడం మొదలుపెట్టాను.

కనిపెట్టేకొద్దీ ఏదో ఒకటి దొరికేది. వదిన ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకోవడం మొదలుపెట్టింది. అంతకుముందు వంటింట్లో గిన్నెలు తోముతూ ఇల్లంతా వినబడేట్టు మాట్లాడే మనిషి. నేను గదిలోకి వెళితే బల్ల మీద కాగితాన్ని బోర్లా తిప్పేది. ఒకసారి కాదు, మూడుసార్లు లెక్కపెట్టాను. ఒక ఆదివారం పొద్దున బట్టలు ఆరేయడానికన్నట్టు బాల్కనీ తలుపు పక్కన నిలబడ్డాను. అవతలి నుంచి వదిన గొంతు సన్నగా వినబడింది.

"లేదండీ, తనకి తెలియకూడదు… అడిగితే ఏం బాగుంటుంది చెప్పండి… మీరు చూసి చెబితే చాలు."

ఎవరికి తెలియకూడదు? ఏం చూసి చెప్పాలి? చేతిలో తడి చొక్కాతో అక్కడే రాయిలా నిలబడిపోయాను.

మధ్యాహ్నం అన్నయ్యకి భోజనం డబ్బా పట్టుకెళ్ళి ఇస్తూ మెల్లగా కదిపాను. "వదిన ఈమధ్య ఎవరితో మాట్లాడుతోంది అన్నయ్యా, తలుపేసుకుని?"

అన్నయ్య ఒక కళ్ళజోడు కాడకి స్క్రూ బిగిస్తున్నాడు. తలెత్తలేదు. "నాకు చెప్పలేదు. నేను అడగలేదు."

"అడగాలి కదా?"

"నువ్వున్నావుగా ఆ డిపార్ట్‌మెంటుకి" అని నవ్వాడు. "జ్వరం నుంచి లేచిన మనిషి. మీద ఉద్యోగం భారం. పిచ్చి పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు, డిటెక్టివ్."

పెట్టుకోకు అంటే ఆగే ఆలోచనలైతే నాకు ఆ పేరెందుకు వస్తుంది? మర్నాడు ఆఫీసుకి వెళ్ళగానే ఆ ఏడు గెలాక్సీలూ ఆకాశంలో ఎక్కడెక్కడ ఉన్నాయో పటం మీద గుర్తుపెట్టాను. మిగతా ముప్పై అయిదూ ఆకాశమంతా చెల్లాచెదురుగా ఉన్నాయి. ఈ ఏడు మాత్రం ఒకేచోట, ఒకే మూలన, నా బొటనవేలు పెడితే కప్పుకుపోయేంత జాగాలో గుమిగూడి ఉన్నాయి. ఆ మూల ఏమిటో మా డిపార్ట్‌మెంటులో ఎవరికైనా చూడగానే తెలుస్తుంది. మన గెలాక్సీ దుమ్ము బాగా మందంగా ఉన్న దిక్కు అది.

మనకీ దుమ్ముంది మరి. ఎన్ని కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన వెలుగైనా ఆఖరికి మన వైపు దుమ్ము దాటుకునే టెలిస్కోపులో పడాలి. మన దుమ్ము దిక్కుదిక్కునా ఎంతెంత ఉందో లెక్కగట్టిన పటం ఒకటుంది. దాన్ని చూసి, మన దుమ్ము మింగినంత వెలుగుని తిరిగి కలపాలి. అప్పుడు మిగిలేదే ఆ గెలాక్సీ అసలు రంగు. ఈ పనినే మేం పొట్టిగా 'దుమ్ము కలపడం' అంటాం. ఒక్కసారే కలపాలి. రెండుసార్లు కలిపితే పాపం ఆ గెలాక్సీకి లేని నీలం వచ్చిపడుతుంది. మన దుమ్ము పల్చగా ఉన్న దిక్కున రెండుసార్లు కలిపినా పెద్ద తేడా ఉండదు. మందంగా ఉన్న దిక్కున కలిపితే మాత్రం ఆ గెలాక్సీ దుమ్ము సున్నా కంటే తక్కువ అవుతుంది!

కలిపేది వదిన ప్రోగ్రామే. ఆ పని ఎప్పుడూ ఆమెదే. అంటే ఆ ఏడింటికీ వదినే రెండుసార్లు కలిపింది. పొరపాటున ఏడింటికే ఎలా కలుస్తుంది? కావాలనే కలిపింది. ఫోన్లు, తలుపు, బోర్లా తిప్పిన కాగితం, అన్నీ దేని చోట అది టకటకా వచ్చి కూర్చున్నాయి. పటం మడిచి చేతిలోకి తీసుకున్నాను. నాలో భయం సగమే. మిగతా సగం, సిగ్గు లేకుండా చెబుతున్నాను, పట్టేశానన్న సంబరం.

వదిన గది నా గదికి నాలుగు అడుగులు. వెళ్ళి ఒక్క మాట అడిగి ఉండాల్సింది. నేను మేడ మెట్లెక్కి పెద్దసారు గదికి వెళ్ళాను.

ఆయన పటాన్ని చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చూశారు. "మీ ఇంట్లో మనిషే కదమ్మా. ఇంట్లోనే అడగొచ్చుగా?"

"ఇంట్లో అడిగితే ఇంటి సమాధానమే వస్తుంది సార్."

"ఊఁ."

"నా పేరు బయటికి రాకూడదు సార్."

ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, "రాదులే" అన్నారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

రెండు రోజుల తర్వాత వదిన మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది. నేనూ వెనకాలే వచ్చాను. చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు అడిగింది. గ్లాసు అందిస్తూ ముఖం చూశాను. ఏడుస్తుందనుకున్నాను, లేదా అరుస్తుందనుకున్నాను. ఆలోచిస్తోంది.

"ఎవరో పెద్దసారు చెవిన వేశారు. ఆ ఏడూ ఒకే మూలన ఉన్నాయట. నాకు తట్టనే లేదు చూశావా! ఎవరో గాని మంచి బుర్ర."

నేను గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

"మన దుమ్ము రెండుసార్లు కలిసినట్టుంది అంటున్నారు" అని అక్కణ్ణుంచే చెబుతోంది. "ప్రోగ్రాం మొత్తం లైను లైనూ చూశాను. ఒక్కసారే కలుపుతోంది. ఆర్కైవ్‌లో ఏమన్నా కలిపి పంపుతున్నారా అంటే, అదీ లేదు. అది కూడా కనుక్కున్నాను."

'ఎంత చక్కగా నటిస్తోంది' అనుకున్నాను కుళాయి తిప్పుతూ. ఇది రాయకుండా దాచేయొచ్చు. కానీ అప్పుడు నేను సరిగ్గా అలాగే అనుకున్నాను.

మాట వరండాలు దాటడానికి ఎంతసేపు? వారం తిరిగేసరికి కాఫీ మిషన్ దగ్గర ఇద్దరు చేరితే చెవులు కొరుక్కోవడమే. ఉద్యోగం కోసం అంకెలు వండేసిందట అని ఒకరు, ముందు నుంచీ అనుమానమే అని ఇంకొకరు. వదిన కప్పు పట్టుకుని అటు వస్తే అందరికీ ఒక్కసారే పనులు గుర్తొచ్చేవి. వదిన ఒక్కతే నిలబడి కాఫీ తాగి, కప్పు కడుక్కుని వెళ్ళేది. ఇంట్లో అన్నయ్య అట్టపెట్టెలు ఏ దుకాణంలో దొరుకుతాయని మాటవరసకి అన్నట్టు అడిగాడు.

కమిటీకి నాలుగు రోజులుందనగా పెద్దసారు నన్ను పిలిచారు. "ఆ ఏడింటినీ ముడి ఫైళ్ళ దగ్గర్నుంచి నువ్వు మళ్ళీ చెయ్యమ్మా. ఎక్కడ రెండుసార్లు పడిందో నాకు కాగితం మీద కావాలి."

నెత్తిన పాలు పోసినట్టయింది నాకు. పొద్దున్నే తలుపేసుకుని కూర్చున్నాను. ఆర్కైవ్ నుంచి ముడి ఫైళ్ళు దించాను. మచ్చలు తీశాను, మన దుమ్ము ఒక్కసారి కలిపాను. మొదటి గెలాక్సీ బుద్ధిగా ఎర్రబడి మిగతా ముప్పై అయిదింటి వరసలోకి వెళ్ళి నిలబడింది. రెండోదీ అంతే. ఏడూ అంతే. గ్యాస్ ఉంది, దుమ్మూ ఉంది. వింతా లేదు, విడ్డూరమూ లేదు. ఇక మిగిలింది వదిన చెయ్యి ఎక్కడ పడిందో పట్టుకోవడమే. వదిన ప్రోగ్రాంలోకి వెళ్ళే ముందు ఫైలు, బయటికొచ్చాక ఫైలు, రెండూ పక్కపక్కన పెట్టి చూశాను.

ఒక్కసారే కలిసింది.

మళ్ళీ చూశాను. వదిన ఒక్కసారే కలిపింది. అయితే ఆమె ప్రోగ్రాంలోకి వెళ్ళిన ఫైలే అప్పటికే నీలంగా ఉంది. ఆ ఫైలు వెళ్ళింది నా దగ్గర్నుంచి.

మా గదిలో ఒక చెక్క సొరుగుంది. ప్రతి ఫైలుకీ అందులో ఒక అట్టకార్డు. ఫైలు మీద ఎవరు చెయ్యి పెట్టినా ఏం చేశారో, ఏ తేదీనో రాసి సంతకం పెట్టాలి. నాకంటే ముందు ముప్పై ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చుని రిటైరైన పాతాయన పెట్టిన పద్ధతి అది. ఆ ఏడు కార్డులూ తీశాను. 'మచ్చలు తీశాను' అని నా చేతిరాత, తేదీ, సంతకం. దాని కింద ఖాళీ.

ఆ తేదీ చూశాక గుర్తొచ్చింది. వదినకి జ్వరం వచ్చిన మూడో రోజు. ఆ ఏడూ ఆఖరి విడతలో వచ్చాయి. మన దుమ్ము వల్ల మరీ వెలవెలబోతుంటే, అసలు పనికొస్తాయా లేదా చూద్దామని దుమ్ము నేనే కలిపి చూశాను. చక్కగా తేలాయి. ఇక వాటిని మళ్ళీ పాడుచేసి ఇవ్వడమెందుకు, మంచం మీదున్న మనిషి, ఒక పని తగ్గుతుంది కదా అని అలాగే ఉంచాను. కార్డు మీద రాయలేదు. ఇంట్లో మనిషే కదా, సాయంత్రం నోటితో చెబితే చాలదా అనుకున్నాను. పరాయి వాళ్ళకైతే తప్పకుండా రాసేదాన్ని. ఇంటికి వెళ్ళేసరికి వాకిట్లో టాక్సీ ఉంది. వదినకి ఒళ్ళు కాలిపోతోంది, అన్నయ్య ఆమెని చేతుల మీద మెట్లు దించుతున్నాడు. ఆ రోజు చెప్పాల్సిన మాట అక్కడే పోయింది. మళ్ళీ నా దగ్గరికి రాలేదు.

కార్డులు చేతి సంచిలో వేసుకుని గేటు దాటి దుకాణానికి వెళ్ళాను. అన్నయ్య ఒక్కడే ఉన్నాడు. కౌంటర్ ముందు స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. పెద్దసారుకి చెప్పింది నేనేనని కూడా.

అన్నయ్య వింటున్నంతసేపూ ఒకే అద్దాన్ని తుడుస్తూ ఉన్నాడు.

"ఎవరికీ తెలీదు అన్నయ్యా. కార్డు ఖాళీగానే ఉంది. ఇప్పుడు ఆ ఖాళీలో 'దుమ్ము కలిపాను' అని ఒక్క లైను రాస్తే… వదిన చూసుకోలేదు అవుతుంది. చూసుకోకపోవడం పొరపాటే గాని మోసం కాదు కదా. తన మీద మచ్చా పోతుంది, నాకూ…"

అన్నయ్య అద్దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. "ఏ తేదీ వేస్తావు?" అని అడిగాడు.

అంతే అడిగాడు. ఆ అద్దాన్ని పెట్టెలో పెట్టి, ఇంకోటి తీసుకున్నాడు. నేను కార్డులు సంచిలో సర్దుకుని లేచాను.

కమిటీ వాళ్ళు అయిదుగురు. పెద్దసారు గదిలో పొడవాటి బల్ల, ఆ చివర వదిన. పిలవకుండానే లోపలికి వెళ్ళాను కాబట్టి ఎవరూ కూర్చోమనలేదు. కార్డులు బల్ల మీద వరసగా పేర్చి, ఏం చేశానో, ఎప్పుడు చేశానో, ఎందుకు రాయలేదో చెప్పాను. పెద్దసారు ఒక్కో కార్డూ తీసి చూసి పక్కవాళ్ళకి అందించారు. అన్నీ తిరిగి తిరిగి ఆఖరికి వదిన దగ్గరికి చేరాయి.

వదిన వాటిని పేకముక్కల్లా చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏడేనా?" అంది.

"ఏడే వదినా."

"ఎలా తెలుసు?"

మూడేళ్ళలో నేనిచ్చిన ఏ ఫైలు గురించీ వదిన ఆ ప్రశ్న అడగలేదు. ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకునేది.

"నలభై రెండూ మొదట్నుంచి చూడాలి సార్" అంది పెద్దసారు వైపు తిరిగి. "ఈ ఫలితం వెనక్కి తీసుకుంటున్నాను."

వాళ్ళు ఇంకో సంవత్సరం పొడిగించారు. ఖాయం చేయలేదు, పొమ్మనలేదు. తప్పు ఆమెది కాదని కాగితం మీద రాశారు. ఇల్లు నిలబడింది. కానీ ఏడు నీలి గెలాక్సీలు పోయాయి. అయిదేళ్ళలో వదిన కళ్ళు అలా వెలగడం నేను చూసింది వాటికోసమే.

ఎండలోనే ఇద్దరం నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాం. వదిన తిడితే బాగుండుననిపించింది. సగం దారిలో ఆగి, చెమట తుడుచుకుని నవ్వబోయింది.

"పోనీలే. ఇప్పుడే బయటపడింది నయం, జర్నల్లో పేపరు అచ్చయ్యాకైతే తలెత్తుకోలేకపోదును. ఒకే మూలన ఉన్నాయని పట్టుకున్నది ఎవరో కనుక్కోవాలి. థాంక్స్ చెప్పాలి."

అక్కడితో ఊరుకుంటే నన్ను ఎవరూ ఏమీ చేయలేకపోయేవారు. "నేనే" అన్నాను.

వదిన అర్థం కానట్టు చూసింది.

"పెద్దసారుకి చెప్పింది నేనే. నువ్వే కావాలని చేశావనుకున్నాను. ఫోన్లూ, తలుపు వేసుకోవడం… నీ మీద నిఘా వేశాను వదినా."

ఆమె ముఖంలోకి రక్తం వచ్చి, మళ్ళీ పోయింది. రోడ్డు పక్కన పిట్టగోడ మీద కూర్చుంది. నేను ఎదురుగా నిలబడ్డాను.

"నన్ను అడగొచ్చు కదా" అంది.

నేను తల దించుకున్నాను.

"నేనూ నిన్ను అడగలేదులే. ఆ ఫోన్లు పాతాయనకి. నీలం వచ్చిన వారానికే నాకూ భయం వేసింది, ఇంత నీలమేంటి, ముందే ఎవరైనా దుమ్ము కలిపారా అని. నిన్ను అడిగితే ఒక్క నిమిషంలో తేలేది." కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "నిన్ను అనుమానించినట్టు ఉంటుందని అడగలేదు. ఆయన్ని అడిగితే ఆర్కైవ్ నుంచి కలపకుండానే వస్తాయి అన్నారు. నమ్మేశాను. నువ్వు చూస్తావని కాగితాలు తిప్పేసేదాన్ని. బాధపడతావని."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. వదిన ఓదార్చలేదు. ఓదార్చాలని ఆమెకి ఉన్నట్టుంది, చెయ్యి కొంచెం లేచింది కూడా. మళ్ళీ ఒళ్ళో పెట్టేసుకుంది.

సోమవారం నుంచి వదిన నా గదిలోకి కుర్చీ తెచ్చుకుంది. నలభై రెండు ఫైళ్ళు, పదకొండు రోజులు. నేను చేస్తుంటే పక్కన కూర్చుని చూసేది. ఇది ఎందుకు, ఈ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది, ఇంకోసారి తిప్పి చూపించు. కోపంగా కాదు. ఏ భావమూ లేని గొంతుతో అడిగేది. నిజంగానే ఏడే. మిగతా ముప్పై అయిదింట్లో ఒక్క తప్పు లేదు. అది తేలాక కూడా ఆమె ముఖంలో నేను వెతికిన తేలిక కనబడలేదు. పేపరు తర్వాత అచ్చయింది, గ్యాస్ ఉన్నచోట దుమ్మూ ఉందని. అందరికీ తెలిసిందే. ఇంట్లో అన్నయ్య నన్ను డిటెక్టివ్ అనడం మానేశాడు. ఎవరూ మానమనలేదు.

ఎండలు తగ్గుముఖం పట్టిన ఒక పొద్దున ముగ్గురం కలిసి బయల్దేరాం. అన్నయ్య ముందు, తర్వాత వదిన, ఆఖర్న నేను. తాళం వేసి తాళంచెవి సంచిలో వేసుకున్నాను. మూడేళ్ళుగా ఆ ఇంటికి తాళం వేసేది నేనే.

"వేశావా?" అంది వదిన మెట్ల మీద నుంచి.

"వేశాను వదినా."

సరే అని రెండు మెట్లు దిగింది. ఆగింది. కాసేపు అలాగే రెయిలింగ్ పట్టుకుని నిలబడి, వెనక్కి తిరిగి, నన్ను దాటుకుని పైకి వెళ్ళింది. తాళం పట్టుకుని గట్టిగా రెండుసార్లు లాగి చూసింది.

"వేసే ఉంది" అంది కిందికి వస్తూ. తప్పు చేస్తూ దొరికిపోయినదానిలా నా ముఖం చూడలేక, చూపు నేల మీద పెట్టుకుని అంది. నా వదిన అలాంటి మనిషి కాదు. నేనే ఆమెని అలా చేశాను.